ఆనపబుర్రలో మాగ్నెట్ ప్లగ్గు

నాకు అనుమానం ఎక్కువ. సిగ్గుపడుతూ చెబుతున్న మాట కాదిది. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చే మనిషిని. పాలు కాగాయని ఇంట్లో చెప్పినా గిన్నె మూత తీసి చూస్తే గానీ నమ్మను. అనుమానం పెనుభూతమని మా ఆవిడ పెళ్ళైన కొత్తలో నవ్వుతూ అనేది, ఇప్పుడు నవ్వకుండా అంటోంది. హ్యాంగరులో మెకానిక్కులు వెనకాల నన్ను అనుమానపు పక్షి అంటారు. వెనకాల అనే మాట నాకెలా తెలిసిందంటే, అలా అంటున్నారేమోనని అనుమానమొచ్చి ఒకరోజు తలుపు పక్కన నిలబడి విన్నాను.

నేను చేసే పని పెద్ద రవాణా హెలికాప్టర్లో ఫ్లైట్ ఇంజినీరు పని. లారీకి సరిపడా సామాను పొట్టలో పెట్టుకునో, పొట్టకింద తాళ్ళకి వేలాడదీసుకునో కొండలు దాటించే బండి అది. ముందు ఇద్దరు పైలట్లుంటారు. వాళ్ళిద్దరి మధ్య, కాస్త వెనగ్గా, మడత సీటులో నేనుంటాను. వాళ్ళు బయటికి చూస్తారు. నేను లోపల మీటర్ల ముళ్ళ వంక చూస్తాను. నూనె ఒత్తిడి ఎంత, నూనె వేడి ఎంత, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోంది. అంతా బాగానే ఉందని నమ్మడానికైతే ఆ సీటులో నన్ను కూర్చోబెట్టక్కర్లేదు.

గాల్లో ఉండగా తేడా వస్తే ఏం చెయ్యాలో చెప్పే పుస్తకం ఒకటి మా దగ్గరుంటుంది. నాకది కంఠతా వచ్చు, అయినా తెరిచి చదువుతాను. మంటల లైటు వెలిగితే ఆలోచించే పనిలేదు, చేతులు వాటంతటవే కదులుతాయి. ఒక ఇంజను ఆగితే రెండోది ఉంది, బరువు వదిలేసి మెల్లగా దిగొచ్చు. నాకు భయం గేరుబాక్సు అంటేనే. రెండు ఇంజన్ల బలమూ పైన రెక్కలకి చేరేది దాని గుండానే. అది ఒక్కటే ఉంటుంది. అది బిగుసుకుపోయిందంటే ఇక మనం కూర్చున్నది హెలికాప్టర్లో కాదు, గాల్లో ఉన్న ఇనప్పెట్టెలో.

ఆ గేరుబాక్సు అడుగున బొటనవేలంత ప్లగ్గు ఉంటుంది. దాని కొనలో అయస్కాంతం. లోపల పళ్ళు అరిగి నూనెలోకి ఇనుము రాలితే అది వచ్చి ఈ అయస్కాంతానికి అంటుకుంటుంది, నా ముందు లైటు వెలుగుతుంది. దిగి ప్లగ్గు ఊడదీసి చూడాలి. నల్లటి కాటుకలాంటి మడ్డి అంటుకుని ఉంటే ఫరవాలేదు, తుడిచి మళ్ళీ బిగించి ఎగరొచ్చు. అదే ఇనప పెచ్చు కనిపించిందా, లోపల ఏదో విరుగుతోందన్న మాట. అప్పుడిక ఎగరకూడదు. పుస్తకం అంతవరకే చెబుతుంది. ఏది మడ్డి, ఏది పెచ్చు అన్నది మాత్రం మనిషే తేల్చుకోవాలి.

పైగా ఆ లైటు అబద్ధాలు కూడా ఆడుతుంది. తీగ ఒరుసుకుపోయినా వెలుగుతుంది. అందుకని ఒక్క సాక్షి మాట నమ్మకూడదని నేర్పారు మాకు. లైటు ఒక సాక్షి, నూనె వేడి రెండో సాక్షి, ఒత్తిడి మూడో సాక్షి. లైటు ఒక్కటే వెలిగితే దగ్గర్లో వీలైన చోటు చూసి దిగమంటారు. తోడుగా ఇంకొకటి మారితే ఉన్నచోటే దిగమంటారు. ఏదైనా సరే, చూసింది చూసినట్టు కాప్టెన్‌కి వెంటనే చెప్పడం ఇంజినీరు పని.

ఆ ఏడు ఆ లైటు నన్ను రెండుసార్లు వెధవని చేసింది. ఘాటు కింద మైదానంలో ఉన్న ఒక యార్డు నుంచి ఏజెన్సీ కొండల మీదికి ఫోన్ టవర్ల ఇనుము మోస్తున్నాం అప్పుడు. మొదటిసారి బొర్రా పైన వెలిగింది. ఏటి ఇసుకలో దిగాం. గుహలు చూడ్డానికొచ్చిన జనమంతా మా చుట్టూ చేరి ఫొటోలు తీసుకున్నారు. ప్లగ్గు తీస్తే మడ్డే. రెండోసారి మరీ ఘోరం. కింద వేలాడుతున్న ఇనుమంతా ఒక లోయలోకి వదిలేసి దిగాం, చివరికి తేలిందేమిటంటే తీగ ఒరుసుకుపోయిందని. ఆఫీసు వాళ్ళు నన్ను పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ అడిగారు, ఆరోగ్యం బాగుంటోందా, నిద్ర సరిగా పడుతోందా అని. ఆ మర్యాదకి అర్థం నాకు తెలుసు.

మా కాప్టెన్ ఉత్తరాదివాడు, వైమానిక దళంలో చేసి వచ్చిన మనిషి. గొంతు పెంచగా ఎప్పుడూ వినలేదు. గొంతు పెంచనివాళ్ళని నేను నమ్మలేను. రెండోసారి జరిగిన మర్నాడు నారింజపండు ఒలుచుకుంటూ ఎంతో నెమ్మదిగా చెప్పాడు. మూడోసారి కూడా ఇలాగే అయితే వేరే ఇంజినీరుని ఇమ్మని అడుగుతాడట. ఒక తొన నాకూ ఇచ్చాడు. నలభై ఏడేళ్ళ వయసులో ఆ సీటు పోతే నన్ను ఇంకో సీటులో కూర్చోబెట్టేవాళ్ళు లేరు. కో పైలట్ విశాఖపట్నం అమ్మాయి, బండి మీద మంచి చెయ్యి ఉంది. కాకపోతే కాప్టెన్ ఏదన్నా ఎస్ సర్ అనేస్తుంది. అందుకని ఆవిడ మీద కూడా నాకు నమ్మకం తక్కువే.

కార్తీకమాసం నడుస్తోంది. పొద్దున్నే యార్డులో ఇనప కోణాలూ గొట్టాలూ కట్టగట్టి హుక్కుకి తగిలించారు. జి.మాడుగుల వైపు ఒక కొండమీద దించాలి. కింద నుంచి చూస్తే ఆకాశం బాగానే ఉంది కానీ కొండల మధ్య మబ్బు ముద్దలు ముద్దలుగా ఇరుక్కుని ఉంది. గాల్లోకి లేచాక నేను బండి లోపలే బోర్లా పడుకుని పొట్టలో ఉన్న కంతలోంచి బరువు ఊగుతోందేమో చూసి, సరిగ్గానే ఉందని చెప్పి, వచ్చి సీటులో కూర్చున్నాను. టైడా దాటి పైకి ఎక్కుతుండగా లైటు వెలిగింది. కాప్టెన్‌కి చెప్పాను.

ఆయన నా వైపు తిరగలేదు. మళ్ళీనా అన్నాడు హిందీలో, అంతే. నూనె వేడి చూడమన్నాడు. ముల్లు ఉండాల్సిన చోటుకి పైన ఉంది, కొద్దిగా. ఒత్తిడి ముల్లు నిలకడగా లేదు. వేడి పెరిగింది, ఒత్తిడి ఊగుతోంది అని చెప్పాను. కో పైలట్ పుస్తకం తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. కాప్టెన్ వేగం తగ్గించాడు. వెనక్కి తిరిగితే ఘాటు, అంతా అడవే, దిగడానికి బల్లంత చోటు కూడా ఉండదు. ముందుకే పోయాం. రెండు కొండలు దాటాక వాలులో పసుపు పరిచినట్టు వలిసె చేను కనిపించింది, మెట్లు మెట్లుగా. అన్నిటికన్నా కింది మెట్టు వెడల్పుగా, చదునుగా ఉంది.

ఇక్కడ కాప్టెన్‌ని మెచ్చుకుని తీరాలి. అంత బరువునీ చేను గట్టు పక్కన పసిబిడ్డని పడుకోబెట్టినట్టు దించాడు. నేను కంత దగ్గర పడుకుని ఎత్తు చెబుతూ వచ్చాను. హుక్కు వదిలింది. బండిని పక్కకి జరిపి చక్రాలు ఆన్చాడు. రెక్కల గాలికి చేనంతా పడుకుంది, అద్దాల నిండా పసుపు రేకలు అతుక్కున్నాయి. ఎవరి చేనో గానీ ఆ ఏడు వాళ్ళకి నూనె గింజలు లేనట్టేనని అనిపించింది. ఇంజన్లు ఆపాక చెవుల్లో హోరు మాత్రం మిగిలింది.

పైకెక్కి ప్లగ్గు ఊడదీశాను. తీస్తే లోపల చిన్న మూత ఒకటి పడి నూనెని కాసేపు ఆపుతుంది గానీ, ప్లగ్గు లేకుండా ఎగరడం మాత్రం కుదరదు. కొనన మడ్డి ఉంది. ఆ మడ్డిలో గోరు కత్తిరిస్తే రాలే ముక్కంత పెచ్చు ఒకటి ఉంది, ఒక అంచు కొత్తగా మెరుస్తోంది. తీసుకెళ్ళి కాప్టెన్‌కి చూపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చూసి, వేలితో రుద్ది, ఇది మడ్డేనన్నాడు. బరువుతో ఘాటు ఎక్కాం కనక వేడి పెరిగిందట. తుడిచి బిగించు, ఇనుము ఇక్కడే వదిలేసి ఖాళీగా యార్డుకి పోదాం, ఇరవై నిమిషాల పని, మధ్యాహ్నమైతే మబ్బు మూసేస్తుంది అన్నాడు. ఎగరకూడదన్నాను. కిందటి రెండుసార్లూ కూడా నువ్వు ఇదే మాటన్నావు కదా అన్నాడు, అంతే నెమ్మదిగా. కో పైలట్‌ని అడిగాడు. ఆవిడ ప్లగ్గుని చాలాసేపు చూసింది. తర్వాత నా మొహం చూసింది. మీరెలా అంటే అలా సర్ అంది.

రేడియో అందడం లేదు. ఫోన్లకి సిగ్నల్ లేదు. ఆ సిగ్నల్ కోసమే కదా మేం ఇనుము మోస్తున్నది. ఆ మాటకి నవ్వే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఈలోపు ఊరు కదిలొచ్చింది. మూడు వైపుల నుంచీ వచ్చారు, ఎక్కువ మంది ఆడవాళ్ళే. చేతుల్లో కొడవళ్ళు. కోత పనిలోంచి వచ్చారు కాబట్టే కొడవళ్ళు అని నాకు నేను చెప్పుకున్నాను. వాళ్ళు దగ్గరికి రాకముందే కాప్టెన్ మా ఇద్దరికీ ఒక మాట చెప్పాడు. బండిలో లోపం ఉందని బయటివాళ్ళతో అనకూడదు, కంపెనీ పద్ధతి, ఏదో చిన్న పనిమీద దిగామని చెప్పండి అని. ఏ చిన్న పనో ముగ్గురం కలిసి అనుకోలేదు.

ముందు నడిచింది ఒక ముసలావిడ. ముక్కుకి మూడు పోగులు, మెడలో తెల్ల పూసలు. చేను ఆవిడదే. అంతకన్నా పెద్ద సంగతి ఏమిటంటే ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కల రెండు పల్లెల్లోనూ తగువులు తీర్చేది కూడా ఆవిడేనట. చేను వంక చూడలేదు. మమ్మల్నీ చూడలేదు. తిన్నగా వెళ్ళి ఇనప గొట్టాల చుట్టూ ఒకసారి తిరిగి, కాలితో తన్ని చూసింది.

"ఇయ్యేటి?"

"ఫోన్ టవరు ఇనుమమ్మా" అన్నాను. నాది కొత్తవలస దగ్గర ఊరు, ఆ మాటతీరు నాకు కొత్త కాదు.

"బాక్సైటుకి కన్నాలెట్టే గొట్టాలు ఇలాగే ఉంటాయి" అంది.

ఆ కొండల్లో ఆ మాటకి ఎంత బరువుందో మైదానం వాళ్ళకి అర్థం కాదు. పైన కనిపించే ప్రతి హెలికాప్టరూ బాక్సైటు తవ్వకాలకి కొండని కొలవడానికి వచ్చిందేనని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. సంతలో ఈ కొండవాళ్ళు అడవిలో ఏరి తెచ్చిన అడ్డపిక్కలూ చింతపండూ కొనే మా మైదానం వాళ్ళు తూకం రాళ్ళతో ఏం చేసేవారో చిన్నప్పుడు నేను కళ్ళారా చూశాను. మా మేనమామ దగ్గర రెండు రకాల రాళ్ళుండేవి, కొనేటప్పటివి వేరు, అమ్మేటప్పటివి వేరు. ఆవిడ నన్ను అనుమానించడానికి కారణాలు నాకన్నా ఆవిడకే ఎక్కువ ఉన్నాయి.

తర్వాత వాళ్ళు చేసిన పని ఇది. మమ్మల్ని ముగ్గుర్నీ విడదీశారు. తగువు వచ్చినప్పుడు అక్కడ అదే పద్ధతట. ఒకరి మాట ఒకరికి వినపడకూడదు. కాప్టెన్‌ని పనసచెట్టు కింద, కో పైలట్‌ని కాలవ గట్టున, నన్ను గొట్టాల దగ్గర కూర్చోబెట్టారు. ఏటికి దిగినారు, ఇయ్యేటి, ఎప్పుడెల్తారు. ఎందుకు, ఏమిటి, ఎప్పుడు, ముగ్గురికీ అవే మూడు ప్రశ్నలు. హిందీ వచ్చిన ఆశా వర్కరు ఒకావిడ కాప్టెన్ మాటలు తెలుగులో చెప్పింది. ముసలావిడ ఒక్కొక్కరి ముందూ గొంతుక్కూర్చుని అంతా విని లేచింది. నేను ముళ్ళ వంక ఎలా చూస్తానో ఆవిడ మా మొహాల వంక అలా చూసింది.

ఇంధనం చూసుకోవడానికి దిగామన్నాడు కాప్టెన్. మబ్బు అడ్డొచ్చిందని చెప్పింది కో పైలట్. నేనొక్కణ్ణీ కంపెనీ పద్ధతి గాలికొదిలేసి ఉన్నమాట చెప్పాను, లైటు వెలిగిందని, నూనెలో ఇనుము కనబడిందని. ప్లగ్గు చేతిలో పెట్టి పెచ్చు కూడా చూపించాను. నిజం చెప్పాను కనక నమ్ముతారని ఆశపడ్డాను. పుట్టి బుద్ధెరిగాక నేను చేసిన తెలివితక్కువ పనుల్లో అదొకటి. ముగ్గురు సాక్షులు మూడు మాటలు చెబితే నేనైతే నమ్ముతానా?

నా సంచీ బోర్లించారు. పానాలు, గుడ్డలు, టార్చి, టిఫిను డబ్బా, అన్నీ ఆకులమీద పరిచి ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసి మళ్ళీ సంచీలో పెట్టారు. పెచ్చు అంటుకున్న ప్లగ్గుని మాత్రం ఆవిడ తిరిగివ్వలేదు. ఎండిన ఆనపబుర్ర ఒకటి తెప్పించి అందులో వేసి కర్రముక్కతో మూతి బిగించింది. తగువు తీరేదాకా తగువులో వస్తువు ఎవరిదీ కాదట. పెద్దావిడ ఇంట్లో బుర్రలో ఉంటుందట, రెండు పక్షాలవాళ్ళూ ముట్టుకోకూడదట. మర్నాడు పొద్దున్న మూడు పల్లెల పెద్దలూ కూర్చుని తేలుస్తారట. ఈ సంగతంతా ఆశా వర్కరు హిందీలో చెబుతుంటే కాప్టెన్ మొహం మొదటిసారి ఎర్రబడింది. ఆ ప్లగ్గు లేకుండా బండి కదలదని ఆయనకీ తెలుసు.

ముసలావిడ ఊళ్ళోకి వెళ్ళాక కాప్టెన్ నన్ను పక్కకి పిలిచి, స్పేర్ ప్లగ్గు ఉందా అని అడిగాడు.

ఉంది. నా సంచీ లోపలి జేబులో, నూనె కాగితంలో చుట్టి, ఎప్పుడూ ఒకటి ఉంచుకుంటాను. అది బిగిస్తే పావుగంటలో గాల్లో ఉంటాం. నేను ఎక్కనంటే నన్ను వదిలేసి ఇద్దరే వెళ్ళిపోతారు, అది నాకు తెలుసు. ఆ ఇద్దరూ ఘాటు దాటరని కూడా నాకు తెలుసు. నాకు తెలుసు అంటున్నాను గానీ, ఆ క్షణాన గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. వేలితో రుద్ది ఆయన మడ్డి అన్నదాన్ని నేను పెచ్చు అన్నాను. అంతే మాకున్న తేడా.

"లేదు సర్" అన్నాను.

సంచీ తెరవమన్నాడు. గొంతు పెంచని మనిషి అని ముందే చెప్పాను కదా, నన్ను కూడా నమ్మడని చెప్పలేదు. సంచీ తెరిచి లోపలి జేబు పట్టుకుని సాగదీశాను. దొరికిపోయాననే అనుకున్నాను. జేబు ఖాళీగా ఉంది. కాప్టెన్ చూశాడు, సరే అన్నాడు, వెళ్ళిపోయాడు.

నేను మాత్రం ఆ జేబు వంకే చూస్తూ ఉండిపోయాను. పొద్దున యార్డులో తడిమి చూసుకున్నాను, ఉంది. ఎవరు తీశారు? ఊరివాళ్ళు వెతకడం అయ్యాక సంచీ పక్కన ఎక్కువసేపు కూర్చున్నది కో పైలట్. దాచిపెట్టి నాకు మేలు చేసిందా, లేక సమయం చూసి కాప్టెన్ చేతిలో పెడుతుందా? ఇక ఆ రోజంతా ఆవిడ చేతులవంకే చూశాను. ఆవిడ జేబులో చెయ్యి పెట్టినా, జడ సర్దుకున్నా నాకు ఊపిరాడలేదు. మధ్యాహ్నానికి మబ్బు దిగింది. ఆశా వర్కరుతో కలిసి కో పైలట్ సిగ్నల్ దొరికే గట్టు దాకా నడిచి యార్డుకి కబురు పంపి వచ్చింది. నిజంగా కబురు పంపడానికే వెళ్ళిందా అని కూడా అనుమానపడ్డాను. ఆ ఊరివాళ్ళు మాకు చోడంబలి, అదే రాగి అంబలి, పోశారు, పడుకోడానికి బడిలో చాపలు వేశారు. గుమ్మంలో నలుగురిని కాపలా పెట్టారు.

మర్నాడు పొద్దెక్కేసరికి మా మెకానిక్కులు వచ్చారు, జీపు వచ్చినంతవరకు జీపులో, మిగతాది నడిచి. అప్పటికే పెద్దలు చేరారు. అందరూ చూస్తుండగా గేరుబాక్సు నూనె వడపోసే జల్లెడ తీశారు. దాని నిండా ఇనప పెచ్చులు. ఒక బేరింగు లోపల ముక్కలవుతోంది. ఇరవై నిమిషాలు కాదు, పది నిమిషాలు ఎగిరేదని కూడా చెప్పలేమన్నాడు మా పెద్ద మెకానిక్కు. ఆ జల్లెడని పెద్దలు చేతులు మార్చుకుంటూ చూశారు. అందులోంచి ఒక ముక్క తీసి ముసలావిడ కొడవలి అంచుకి రాసి చూసింది. తగువు తీరిపోయింది. దిగింది లోపం వల్లేనని ఒప్పుకున్నారు, ఇనుము వారంలో తీసుకుపోవాలన్నారు.

కాప్టెన్ జల్లెడని చాలాసేపు చూశాడు. ఎవరో ఇచ్చిన టీ గ్లాసు తాగకుండా నా చేతిలో పెట్టి వెళ్ళి బండి నీడలో కూర్చున్నాడు.

ముసలావిడ నన్ను రమ్మని చేత్తో సైగ చేసింది. ఆనపబుర్ర మూతి తీసి నా అరచేతిలో బోర్లించింది. రెండు ప్లగ్గులు పడ్డాయి. ఒకటి నూనె కాగితంలోనే ఉంది.

"రెండూ నువ్వే తీసినావేటమ్మా?"

"రెండూ ఒకలాగున్నాయి. ఒకటి దాసి రెండోది వదిలేస్తే అదెట్టుకోని ఎగిరిపోతారు గదా."

నా కళ్ళు చెమర్చాయి. ఇంతమందిలో నా మాట నమ్మిన మనిషి ఒకరున్నారని అనుకున్నాను. ఆ మాటే అడిగాను, నన్ను నమ్మినావా అని.

"నమ్మడమేటి?" అంది, అడగకూడనిదేదో అడిగినట్టు. "నీ మాట నిజవైతే అది ఎగిరి మా ఇళ్ళమీద పడతాది. అబద్దమైతే కొండ సూసుకోని ఎల్లి మిసన్లు తెత్తారు. ఏది నిజవైనా మిమ్మల్ని ఎగరనీకూడదు."

మా పుస్తకంలో వంద పేజీల్లో ఉన్నది ఆవిడ ఆ నాలుగు ముక్కల్లో చెప్పేసింది. ఏది నిజమో తేలేదాకా ఆగనక్కర్లేదు, ఏది నిజమైనా ప్రాణం మిగిలే పని చెయ్యాలి. నాకు నవ్వొచ్చింది, కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది. వెళ్ళబోతుంటే ఆవిడ ఆపింది.

"లైటు ఎలిగింది అన్నావు. ఎలిగినెంటనే ఆ పెద్దాయనకి సెప్పినావా?"

లైటు వెలిగింది, కాప్టెన్‌కి చెప్పాను అని పైన రాశాను. రిపోర్టులో కూడా అలాగే రాశాను. ఆ రెండు మాటల మధ్య జరిగింది ఎక్కడా రాయలేదు. లైటు వెలిగినప్పుడు టైడా కింద ఒక గూడ్సు బండి సొరంగంలోంచి బయటపడుతోంది. ఆ బండి ఇంజను వెళ్ళి ఇంకో సొరంగంలో దూరేదాకా నేను నోరు విప్పలేదు. రెండో సాక్షి కోసం ఆగుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ సేపు నేను వేడి ముల్లు వంకే చూడలేదు. నారింజపండు ఒలుస్తున్న చేతులే కళ్ళముందున్నాయి. మూడోసారి అని, సీటు పోతుందని, మళ్ళీ కుర్చీ వేసి కూర్చోబెడతారని. గేరుబాక్సు విరుగుతుంటే ముగ్గురు మనుషుల ప్రాణాలు పక్కన పెట్టి నేను నా పరువు లెక్క చూసుకున్నాను. లోకంలో అందర్నీ అనుమానించాను, నన్ను తప్ప.

"నేదమ్మా" అన్నాను. "కాసేపు ఊరుకున్నాను."

"ఏటికి?"

"నమ్మరేమోనని."

"నమ్మకపోతే ఏటి? సెప్పాల గదా" అంది. తిట్టినట్టు కాదు, తెలియనివాడికి చెప్పినట్టు. కొడవలి తీసుకుని పడిపోయిన వలిసెలో నిలబడ్డ మొక్కలు ఏమైనా ఉన్నాయేమో చూసుకుంటూ కింది మెట్టులోకి దిగిపోయింది. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. మెకానిక్కులు చూశారు, ప్రాణాలు దక్కాయని ఏడుస్తున్నాననుకున్నారు.

ఇప్పటికీ అదే కాప్టెన్‌తో ఎగురుతున్నాను. ఆ రోజు తర్వాత ఆయన నేను చెప్పిన ప్రతి మాటా నమ్ముతున్నాడు. ఆ కాసేపటి సంగతి మాత్రం ఆయనకి నేనింకా చెప్పలేదు.